బండి కొనిచ్చి నిశ్చింతగా ఉండే మార్గం

ఇంట్లో పిల్లాడు పదో తరగతి దాటాడంటే బండి గొడవ మొదలవుతుంది. ఆడపిల్లయినా అంతే. కుర్రాళ్లు అడ్డదిడ్డంగా నడుపుతున్నారనీ, ఫోను చూసుకుంటూ గుద్దేస్తున్నారనీ ప్రతి టీ కొట్టు దగ్గరా ఒకటే చర్చ. ఆపడం ఎలాగో చెప్పే పెద్దమనుషులకూ కొదవలేదు. వెనక కూర్చుని నెలల తరబడి నేర్పించాలట. మనమూ హెల్మెట్ పెట్టుకోవాలట. స్టీరింగ్ ముందు కూర్చున్నంతసేపు మనమూ ఫోను ఎత్తకూడదట. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఇవన్నీ అయ్యే పనులేనా?

నేను చెప్పే పద్ధతిలో ఈ బాధలేవీ లేవు. పిల్లాడి దూకుడు పిల్లాడి దగ్గరే ఉండనివ్వండి. అది మన నిద్ర దాకా రాకుండా చూసుకుంటే చాలు. సాయంత్రం ఇంటికొచ్చిన తల్లిదండ్రులు కాళ్లు చాపుకుని హాయిగా కూర్చోవాలన్నదే నా కోరిక. ఈ చిట్కాలను వరుస తప్పకుండా పాటించండి. ఒక్కటి వదిలేసినా మిగతావి పూర్తిగా పనిచేయవు.

1. వయసు అడ్డు రాకుండా చూసుకోండి.

చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండాలి. 16 నిండినవాళ్లకు ఒక్క మినహాయింపు ఉంది: గేర్లు లేని, 50 సీసీ దాటని బండి. ఈ మినహాయింపులో మొదటి సగం బట్టీ పట్టండి, రెండో సగం వదిలేయండి. "గేర్లు లేని బండేనండీ, 16కే లైసెన్సు ఇస్తారు" అని ఎదురింటివాళ్లతో ధైర్యంగా అనొచ్చు. షోరూముల్లో వరసగా నిలబెట్టిన స్కూటీలు 110, 125 సీసీలవని వాళ్లకూ తట్టదు. కరెంటు బండి అయితే మరీ తేలిక. 250 వాట్లలోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బండ్లకే లైసెన్సు అక్కర్లేదు. మీరు 80 మీద పోయేదాన్ని కొని, "చార్జింగ్ బండికి లైసెన్సు లేదు" అనండి.

మొదటి వారం పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి పంపండి. రెండో వారం ట్యూషన్‌కు పంపండి. మూడో వారానికి వాడే హైవే ఎక్కుతాడు, మీరు పంపినట్టు కూడా ఉండదు. ఎవరైనా నిలదీస్తే "వీధిలోనే తిప్పుతాడండీ" అన్న మాట అప్పటికీ పనికొస్తుంది. కాళ్లు నేలకు ఆనాయంటే వయసొచ్చినట్టే. ఆనకపోతే సీటు తగ్గించి ఇచ్చే మెకానిక్‌ ప్రతి సెంటర్లోనూ ఉన్నాడు.

2. బండిని బహుమతిగా ఇవ్వండి.

"ఇంటర్‌లో 950 దాటితే బండి" అని ముందే మాటివ్వండి. ఇందులో రెండు లాభాలు. మార్కులకీ రోడ్డుకీ సంబంధం ఏమిటని ఎవరూ అడగరు. పైగా కష్టపడి గెలుచుకున్న బండి కాబట్టి తర్వాత తాళం లాక్కోవడం మీకే న్యాయంగా తోచదు. ఆ విధంగా మీరు చేయాల్సిన అసలు కష్టమైన పని మొదటిరోజే తప్పిపోతుంది.

ఏ బండి కొనాలో పిల్లాడికే వదిలేయండి. వాడు 200 సీసీ అంటే 200, ఇంకా పెద్దది అంటే పెద్దది. "పెద్ద బండి బరువుగా ఉంటుంది, రోడ్డుకి అతుక్కుని పోతుంది" అని నాయనమ్మకు చెప్పండి. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా కాపాడే ఏర్పాటు అది. అది ఉంది కాబట్టి ఇక బ్రేకు వేయడం నేర్పక్కర్లేదని అర్థం చేసుకోండి. ఏబీఎస్ ఉన్నా బండి ఆగడానికి దూరం కావాలన్న సంగతి సేల్స్ కుర్రాడు చెప్పబోతే, హెల్మెట్ ఫ్రీగా ఇస్తారా అని మాట మార్చండి.

వారం తిరక్కుండా పిల్లాడు అద్దాలు పీకేస్తానంటాడు. లుక్కు పోతుందట. పీకేయనివ్వండి. అద్దాలుంటే వెనక ఏమొస్తుందో కనిపిస్తుంది, కనిపిస్తే భయం, భయపడితే తోలడం రాదు. సైలెన్సర్ కూడా మార్పించండి. వీధి మొదట్లోనే చప్పుడు వినబడితే పిల్లాడు వచ్చాడని పడుకున్నచోటే తెలిసిపోతుంది, తలుపు తీసి చూసే పని తప్పుతుంది.

3. లైసెన్సును కాగితంగా చూడండి.

ఎల్‌ఎల్‌ఆర్ అనే లెర్నర్ లైసెన్సు వచ్చాక 30 రోజులు ఆగితే గానీ అసలు టెస్టుకు వెళ్లడానికి లేదు. అది ఆరు నెలలు చెల్లుతుంది. అంటే కొత్తవాడు పెద్దవాళ్ల పక్కన తోలి చేయి కుదుర్చుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు. దాన్ని ఆర్టీఏ ఆఫీసు వాళ్ల ఆలస్యంగా లెక్కగట్టి విసుక్కోండి. జిరాక్స్ షాపు దగ్గర ఫైలు పట్టుకుని తిరిగే మనిషిని పట్టుకుంటే స్లాట్ దగ్గర నుంచి అన్నీ ఆయనే చూసుకుంటాడు. కంప్యూటర్ ముందు గుర్తుల పరీక్ష ఉంటుంది. ముందురోజు రాత్రి ఫోనులో జవాబులు వరసగా చూపించేయండి. గుర్తు చూసి అర్థం చెప్పడం రానక్కర్లేదు, ఎన్నో ఆప్షనో గుర్తుంటే చాలు.

టెస్టులో బండితో ఎనిమిది వేయమంటారు. కాబట్టి ఎనిమిదే నేర్పించండి. కాలు కింద పెట్టకుండా ఎనిమిది చుట్టడం వచ్చాక ఇంకేం కావాలి? మన రోడ్ల మీద ఎనిమిదులు ఉండవు. ఆగి ఉన్న లారీ ఉంటుంది, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో ఉంటుంది, డివైడర్ సందులోంచి దూకే గేదె ఉంటుంది. ఇవి సిలబస్‌లో లేవు. వెనక "ఎల్" బోర్డు కూడా వద్దు. అది చూస్తే పిల్లాడు ఇంకా నేర్చుకుంటున్నాడని వెనకాల వచ్చేవాళ్లు జాగ్రత్తపడతారు. మనవాడికి నామర్దా.

4. నేర్పే పని మేనబావకు అప్పగించండి.

ప్రతి కుటుంబంలోనూ రెండేళ్ల ముందు బండి కొనుక్కున్న మేనబావ ఒకడు ఉంటాడు. ఆదివారం పొద్దున ఖాళీ గ్రౌండుకి ఇద్దరినీ పంపించండి. క్లచ్, గేరు, యాక్సిలరేటర్. ఈ మూడూ వస్తే వచ్చేసినట్టే. టిఫిన్ టైముకి ఇంట్లో ఉంటారు.

ఒక్క మాట మాత్రం మీరే స్వయంగా చెప్పండి: "ముందు బ్రేకు ముట్టుకోకు, ఎగిరి పడతావు." మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఈ మాటను పోగొట్టుకోకూడదు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వచ్చేస్తుంది, కాబట్టి బండిని ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది. రెండూ కలిపి, నిదానంగా బిగిస్తూ పట్టడం ఒక విద్య. అది రావాలంటే ఖాళీ రోడ్డు మీద వందసార్లు చేయించాలి. ఒక్క మాటతో పోయేదానికి వందసార్లు ఎందుకు? వెనక బ్రేకు ఒక్కటే తొక్కి, చక్రం జారి, పక్కకి పడటం మనవాళ్లందరికీ అలవాటైన విద్యే.

చీకట్లో తోలడం, వాన మొదలైన పది నిమిషాల్లో రోడ్డు మీద తేలే నూనె జారుడు, మలుపు తిరిగే బస్సుకి ఎడమపక్క ఉన్న బండి డ్రైవరుకి కనబడకపోవడం, ఇవేవీ ఎత్తకండి. అనుభవం మీద అవే వస్తాయి.

5. హెల్మెట్‌ను పోలీసుల కోసం వాడండి.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029. మనవాడు ఆ లెక్కలో ఉండడని నమ్మండి. నమ్మకానికి ఖర్చు లేదు.

కొనేటప్పుడు రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసినవి చూడండి. ఐఎస్‌ఐ స్టిక్కర్ విడిగా కూడా అంటించి ఇస్తారు. చెవుల పైదాకానే వచ్చే టోపీ లాంటిది తీసుకుంటే జుట్టు నలగదు, గాలి ఆడుతుంది. కింది పట్టీ పెట్టుకోకూడదు. పట్టీ బిగించని హెల్మెట్ తల నేలకు తగిలేలోపే ఎగిరిపోతుంది కాబట్టి దానికి గీత పడదు, చాలా ఏళ్లు వస్తుంది. మిగతా సమయమంతా పెట్రోల్ ట్యాంకు మీదో మోచేతికో ఉంచాలి. పోలీసులు నిలబడే జంక్షన్‌కు యాభై గజాల ముందు తలకెక్కించి, దాటగానే దించేయాలి. ఎడమ చేత్తో ఈ పని చేస్తూ కుడి చేత్తో బండి తోలడం పిల్లాడికి రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది.

వెనక కూర్చునేవాళ్లకు వద్దు. చట్టం వాళ్లకీ పెట్టుకోమంటుంది గానీ రెండో హెల్మెట్ ఎక్కడ పెట్టాలి? మీరు కూడా పెట్టుకోకండి. తండ్రి ఉత్త తలతో పోతూ కొడుకుని పెట్టుకోమంటే వాడు ఎదురు మాట్లాడతాడు. ఇద్దరూ పెట్టుకోకపోతే ఇంట్లో గొడవే ఉండదు. చట్టంలో 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు ఆపేసే నిబంధన ఉంది. మూడో చిట్కా పాటించినవాళ్లకు లైసెన్సు ఉన్నా ఆగినా తోలడంలో పెద్ద తేడా రాదు.

6. ఫోను ఎత్తి తీరాలని గట్టిగా చెప్పండి.

ఈ చిట్కా మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. ఎందుకంటే ఇక్కడ పని చేయాల్సింది పిల్లాడు కాదు, మీరే. అదీ సోఫాలో కూర్చుని.

పిల్లాడు గుమ్మం దాటిన పది నిమిషాలకు ఫోను చేయండి. బండి మీద ఉంటాడని మీకు తెలుసు, అందుకే చేయాలి. "ఎక్కడున్నావ్?" అని అడగండి. రెండో రింగుకి ఎత్తకపోతే కోప్పడండి. "బండి మీద ఉన్నాను నాన్నా" అంటే "అయితే? మాట్లాడటానికి నోరు లేదా?" అనండి. తర్వాత వాళ్లమ్మ చేస్తుంది. వచ్చేటప్పుడు కరివేపాకు, కొత్తిమీర, పావు కిలో పచ్చిమిరప అని చెబుతుంది. పెట్టేశాక అల్లం మర్చిపోయానని మళ్లీ చేస్తుంది. అల్లం మాట వాట్సాప్‌లో పెడితే ఇంకా మంచిది. ఏం వచ్చిందో చూడటానికి పిల్లాడు తల దించాల్సి వస్తుంది.

లెక్క తేలికే. 60 మీద పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అల్లం సంగతి చదవడానికి మూడు సెకన్లు పడితే 50 మీటర్లు. ఆ 50 మీటర్లూ మనవాడి కళ్లు రోడ్డు మీద లేవు. రోడ్డు దాటే ముసలావిడ ఆ లోపల దాటేస్తే సరే. ఫోను వాడుతూ తోలేవాళ్లకు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తల్లిదండ్రుల ప్రేమకు ఆ లెక్కలు వర్తించవు. మనం అడిగేది క్షేమంగా ఉన్నాడా లేదా అనే కదా.

చేతులు ఖాళీగా ఉండాలంటే ఫోనుని హెల్మెట్‌కీ చెంపకీ మధ్య దోపుకోవచ్చు. హెల్మెట్ లేనివాడు మెడ వంచి భుజానికి అదుముకుంటాడు. ఆ భంగిమలో రోడ్డు ఒక పక్కే కనిపిస్తుంది, అది చాలు. బ్లూటూత్ పెట్టుకుంటే మరీ నిశ్చింత. చేతులు హ్యాండిల్ మీదే ఉంటాయి కాబట్టి మనసు ఎక్కడున్నా పర్వాలేదని అందరూ ఒప్పుకుంటారు. మాటల్లో పడ్డవాడు ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ కూడా గమనించడన్న సంగతి అవతలి పక్క మాట్లాడేవాళ్లకు ఎలాగూ కనబడదు. పోలీసులు ఆపితే "మ్యాప్ చూస్తున్నాను సార్" అనాలి. దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ధ్యాస చెదరకుండా, ఫోను వాడొచ్చని నిబంధనల్లో ఉంది. రోజూ పోయే కాలేజీకి మ్యాప్ ఎందుకని అడిగే పోలీసుకు జవాబు కూడా సిద్ధం చేసుకోండి: రోడ్డు తవ్వేశారు. మన ఊళ్లలో అది ఏ రోజు చెప్పినా నిజమే.

రీల్స్ తీయడం మాన్పించకండి. విశాఖ బీచ్ రోడ్డులోనో, హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన మీదో చేతులు వదిలేసి తీసిన వీడియోకి చుట్టాలందరి చేతా లైకు కొట్టించండి. మీరు స్టేటస్ పెట్టుకోండి. మేనత్త కామెంటు పెడితే పిల్లాడు మరుసటి ఆదివారం ఇంకా బాగా చేస్తాడు.

ఈ విద్యకు పునాది చాలా ముందే వేయాలి. పిల్లాడికి అయిదేళ్లప్పటి నుంచీ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో ఫోను పట్టుకుని తోలండి. చెప్పింది వింటారో లేదో గానీ చూసింది మాత్రం పిల్లలు వదలరు. పదమూడేళ్ల కోర్సు, ఫీజు లేదు.

7. ఆలస్యంగా లేపండి.

తొమ్మిదింటికి క్లాసు అయితే ఎనిమిదీ నలభైకి లేపండి. మిగతాది వేగమే చూసుకుంటుంది. "నెమ్మదిగా వెళ్లు" అని అనడం మాత్రం మానకండి, గేటు దగ్గర నిలబడి గట్టిగా అనండి, పక్కింటివాళ్లు వినాలి. 40 మీద ఆగే బండికి 80 మీద బ్రేకు దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఫిజిక్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడికి ఇది ముందే తెలుసు. రోడ్డు మీద ఆ పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

యూటర్న్ అరకిలోమీటరు దూరంలో ఉంటే రాంగ్ రూట్ దగ్గర. పసుపు లైటు అంటే ఇంకాస్త తొక్కమని. హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు, లోపలి రెండు వరసల్లో 120, బయటి వరసల్లో 80 అని బోర్డులుంటాయి. పిల్లాడికి కారు ఇచ్చినప్పుడు ఆ 120ని తక్కువలో తక్కువ పోవాల్సిన వేగమని చెప్పండి. బైకులకు అక్కడ అనుమతి లేదు. అందుకే తెల్లారకముందే వెళ్లాలి.

8. కారులో శబ్దం రాకుండా చేయండి.

సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు కీచుమంటుంది. పాట వినబడదు. దాని నోరు మూయించే క్లిప్పులు అమ్ముతుంటే 2023 మేలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ దుకాణాల చేత వాటిని తీసేయించింది. దిగులు పడకండి. బెల్టుని వీపు వెనక నుంచి పెట్టి కూర్చుంటే సరిపోతుంది. ఎయిర్ బ్యాగ్ ఉంది కదా అనుకోండి. బెల్టుతో ఆగిన ఒంటిని పట్టుకోవడానికే దాన్ని తయారు చేశారు గానీ, ఆ వివరం ఉన్న పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా చింపకుండా ఉంది. ఉండనివ్వండి.

కొత్తగా తోలేవాడి పక్కన నలుగురు స్నేహితులను ఎక్కించండి. ఈడువాళ్లు ఎక్కేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో చాలా రాష్ట్రాలు కొత్త లైసెన్సుదారులకు ఈ విషయంలో పరిమితి పెట్టాయి. మనకు అలాంటి నిబంధన లేదు. లేని నిబంధనను ఇంట్లో పెట్టి చెడ్డవాళ్లు కావద్దు. ఇంటికి వచ్చిన స్నేహితులను ఆటోలో పంపిస్తే పరువేం కావాలి?

9. చలానాలు పోగేయండి.

చలానా వస్తే కట్టకండి. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబర్ చివర్లో ఇంకోసారి పెండింగ్ చలానాల మీద భారీ తగ్గింపు ఇచ్చారు. వెంటనే కట్టినవాళ్లు పూర్తిగా కట్టారు, ఆగినవాళ్లు లాభపడ్డారు. ఈ ఓపిక పిల్లాడికీ నేర్పండి. తప్పుకు వెల ఉంటుంది, ఆ వెల బేరం మీద తగ్గుతుంది అని తెలిశాక వాడు రోడ్డు మీద హాయిగా ఉంటాడు.

చలానాతో పాటు ఫోటో వస్తుంది. అది తెరవకండి. బండి మీద ముగ్గురున్నారనీ, తోలేవాడి చేతిలో ఫోను ఉందనీ, ఎవరి తల మీదా ఏమీ లేదనీ అందులో కనిపిస్తుంది. చూస్తే మాట్లాడాల్సి వస్తుంది. మాట్లాడితే అన్నం దగ్గర అలుగుతాడు. మొత్తం ఎంతయిందో అంకె మాత్రం చూసి మూసేయండి.

నంబరు ప్లేటు వంచడం, ఒక అంకె మీద స్టిక్కర్ వేయడం కుర్రాళ్లు తమకు తామే నేర్చుకుంటారు. మీరు చూడనట్టు ఉంటే చాలు. వందల్లో పోయే చలానా తప్పించుకోబోయి చీటింగ్ కేసు తెచ్చుకున్నవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. కేసు స్థాయి పెరిగిందంటే పిల్లాడు ఎదుగుతున్నట్టే.

10. పార్టీ రాత్రి తాళం మీరే ఇవ్వండి.

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారి 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "బీరే కదా, మందు కాదు" అన్న మాట అందరి ఇళ్లలోనూ చెల్లుతుంది, బ్రీత్ ఎనలైజర్ దగ్గర తప్ప. తనిఖీ ఏ చౌరస్తాలో ఉందో స్నేహితులు గ్రూపులో పెడతారు. అది చూడటానికి బండి మీద మళ్లీ ఫోను తీయాలి, అందుకే ఆరో చిట్కా ముందే చెప్పాను. క్యాబ్‌కు మూడు వందలు ఇవ్వడం దుబారా. రాత్రి రెండింటికి ఫోను చేసి "నాన్నా, తోలే స్థితిలో లేను, వచ్చి తీసుకెళ్లు" అనే ధైర్యం పిల్లాడికి ఎప్పటికీ రాకూడదు. అలా అడిగినవాణ్ని ఒక్కసారి చెడామడా తిట్టండి. జన్మలో మళ్లీ అడగడు, మీకు నిద్ర లేచే పని ఉండదు.

11. జనవరిలో భద్రత గురించి మాట్లాడండి.

జనవరి రోడ్డు భద్రతా మాసం. కాలేజీలో ఫ్లెక్సీ కట్టించండి, బైక్ ర్యాలీ తీయించండి. ర్యాలీ అన్నాక జెండా పట్టుకోవాలి కాబట్టి ఒక చెయ్యి వదలక తప్పదు, ముఖాలు పేపర్లో పడాలి కాబట్టి హెల్మెట్లు కుదరవు. ప్రతిజ్ఞ చేయించి గ్రూప్ ఫోటో దిగండి. మిగతా పదకొండు నెలలకూ అది సరిపోతుంది.

12. ఆ ఫోను వచ్చిన రోజుకి మాటలు సిద్ధంగా ఉంచుకోండి.

ఇన్ని చిట్కాలు శ్రద్ధగా పాటించినవాళ్లకు ఏదో ఒక రోజు తెలియని నంబరు నుంచి ఫోను వస్తుంది. అప్పుడు వెతుక్కోకూడదు. కుక్క అడ్డొచ్చింది. రోడ్డు మీద ఇసుక ఉంది. బ్రేకు ఫెయిలైంది. ఎదుటివాడు సిగ్నల్ ఇవ్వలేదు. మావాడు అసలు 40 దాటడు. వీటిలో ఒకటి పట్టుకుని ఇంటిల్లిపాదీ అదే చెప్పండి. ఆ క్షణంలో అవతలివాళ్లు ఎలా ఉన్నారని మొదట అడిగితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది, అడగకండి. ఆగొద్దని, వచ్చేయమని పిల్లాడికి చెప్పండి. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడటం తోలేవాడి బాధ్యతని చట్టంలో ఉంది, కానీ ఆ అధ్యాయం ఎనిమిది వేసేటప్పుడు అడగలేదు. దారి పొడవునా ఉన్న సీసీ కెమెరాలు మిగతా కథ వాటంతట అవే చెబుతాయి.

స్టీరింగ్ వెనక ఉన్నది జీతానికి పెట్టుకున్న డ్రైవరని చెప్పించడం పాత చిట్కా. 2024 మే 19 తెల్లవారుజామున పుణేలో 17 ఏళ్ల కుర్రాడు తోలుతున్న ఖరీదైన కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. మొదట బెయిలిచ్చినప్పుడు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమన్నారు. ఆ తర్వాత రక్త నమూనా మార్చారనీ, నేరం డ్రైవరు నెత్తిన వేయబోయారనీ ఆరోపణలొచ్చి తండ్రి, తాత, డాక్టర్లు కూడా అరెస్టయ్యారు. కుటుంబం అంటే అలా ఉండాలి, మూడు తరాలు ఒకే కేసులో. మీరు వ్యాసం మాత్రం ఇప్పుడే రాయించి బీరువాలో పెట్టండి. 300 పదాలు రాయడానికి ఆ రోజు పిల్లాడికి చెయ్యి ఆడదు.

మైనర్ తోలితే 2019 సవరణ ప్రకారం నేరం సంరక్షకుడిది, బండి యజమానిది. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. మీకు తెలిసే ఇచ్చారని చట్టం ముందే అనుకుంటుంది, తెలియదని మీరే నిరూపించుకోవాలి. అప్పుడు పాల ప్యాకెట్ రోజుల నుంచి మీరు పోగేసిన మాటలన్నీ లాయరుకు ఇవ్వండి. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. అన్నేళ్లపాటు స్లాట్లూ, జిరాక్సులూ, రెన్యువల్ గొడవా ఉండదు. 18 నిండినవాడైతే కేసు వాడి పేరు మీదే. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా పడొచ్చు. పాస్‌పోర్టు, వీసా, క్యాంపస్ ఉద్యోగం అని పరుగులు పెట్టే బాధ ఒక్కసారిగా తగ్గిపోతుంది.

13. ట్రిబ్యునల్‌కు ప్లాటు దగ్గర పెట్టుకోండి.

"ఇన్సూరెన్స్ ఉంది కదా" అని అప్పటిదాకా నిశ్చింతగా ఉన్నారు, అదే కావాలి. తోలినవాడికి చెల్లే లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ బాధితులకు కట్టినా, ఆ సొమ్ము యజమాని దగ్గర తిరిగి వసూలు చేసుకోమని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ చెప్పొచ్చు. యజమాని అంటే ఆర్సీలో ఉన్న మీరే. మనిషి ప్రాణానికి ఇచ్చే పరిహారానికి చట్టంలో గరిష్ఠ పరిమితి లేదు. పోయినవాళ్ల సంపాదనను, వయసును బట్టి లెక్కగడతారు. 15 నుంచి 25 ఏళ్లలోపు వాళ్లయితే, సొంత ఖర్చులు తీసేసిన ఏడాది ఆదాయాన్ని 18తో హెచ్చిస్తారు. మనవాడి ఈడు పిల్లాడు, కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినవాడు అయితే అంకె బాగా పెద్దది వస్తుంది.

వాయిదాలకు వెళ్లినప్పుడు ఎదురు బెంచీ మీద అవతలి పిల్లాడి అమ్మానాన్నలు కూర్చుంటారు. వాళ్ల వైపు చూడాల్సిన పని లేకుండా ఫోను తీసుకుని చూసుకోండి. తీర్పు వచ్చాక ప్లాటు అమ్మకానికి పెట్టండి. కొనడానికి వచ్చినవాళ్లకు కోర్టు సంగతి తెలియనివ్వకండి, గజానికి వెయ్యి తగ్గిస్తారు.